సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో కార్డు చెల్లింపు: బేకొక రీడరా, షాపంతటికీ ఒకే వ్యవస్థా?

టెక్సాస్‌లో ఆరు బేల (కస్టమర్ కారు పెట్టి తానే కడుక్కునే అరల) సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ నడుపుతున్నందువల్ల, అలాంటిది కొన్న లేదా కొనబోతున్న మనవాళ్లు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. పాత స్వైప్ రీడర్లు తీసేసి ట్యాప్ చేసే రీడర్లు పెట్టాలంటే, ప్రతి బేకూ సొంత సెల్యులర్ మోడెమ్ ఉన్న విడి రీడర్ బిగించడం మేలా, లేక బేలలోని రీడర్లన్నిటినీ యంత్రాల గదిలోని ఒక పెట్టెకు కలిపి, దాన్ని షాపు ఇంటర్నెట్ ద్వారా ఒకే మర్చంట్ ఖాతాకు (దుకాణదారు కార్డు చెల్లింపులు తీసుకోవడానికి తెరిచే ఖాతాకు) జతచేసే వ్యవస్థ మేలా? చాలామంది రీడర్ ధర చూసి నిర్ణయం తీసుకుంటున్నారు. నా అనుభవంలో ధరకు అంత ప్రాధాన్యం లేదు. సగటున ఒక కస్టమర్ ఒక్కసారికి ఎంత ఖర్చు పెడుతున్నాడన్నదే అసలు లెక్క.

పాతవాటితోనే నెట్టుకొద్దామనుకునేవారికి ముందుగా ఒక మాట. చిప్ కార్డును చిప్ చదవలేని యంత్రంలో గీకినప్పుడు జరిగే మోసానికి దుకాణదారే బాధ్యుడన్న నియమం అమెరికాలో 2015 అక్టోబరు నుంచి అమలులో ఉంది. 2022లో ఏటీ అండ్ టీ, టీ మొబైల్, వెరైజన్ సెల్‌ఫోన్ కంపెనీలు మూడూ 3జీ నెట్‌వర్కులను మూసివేయడంతో, ఆ మోడెమ్‌ల మీద నడిచిన రీడర్లు పనికిరాకుండా పోయాయి. 2029 నాటికి అయస్కాంత పట్టీతో తమ కొత్త క్రెడిట్, డెబిట్ కార్డులేవీ జారీ కావని మాస్టర్‌కార్డ్ ఇప్పటికే ప్రకటించింది. అన్నిటికంటే ముఖ్యంగా, జేబులో ఫోను తప్ప పర్సు పెట్టుకోని యువత బేలోకి వచ్చి, ట్యాప్ చేసే చోటు కనబడకపోతే కారు దిగకుండానే వెళ్లిపోతున్నారు. ఆ నష్టం మన పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.

రీడర్ పనిచేసే తీరు తెలిస్తే తక్కిన పోలిక సులభమవుతుంది. కార్డు ఆమోదం పొందగానే రీడర్, కట్టిన డబ్బుకు ఎంతసేపు బే నడవాలో చూసే టైమర్‌కు చిన్న విద్యుత్ సంకేతం పంపుతుంది. క్వార్టర్ (25 సెంట్ల) నాణెం పడినప్పుడు నాణేల యంత్రం పంపేదీ ఇలాంటి సంకేతమే. అందువల్ల పాత టైమర్‌ను చాలావరకు మార్చనక్కర లేదు. బే పెట్టెల్లో సాధారణంగా ఉండేది 24 వోల్టుల ఏసీ కాబట్టి, డీసీ మీద నడిచే రీడర్‌కు తగిన పవర్ సప్లై తీసుకోవాలి. తీగల పని రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానమే.

ఇప్పుడు ఖర్చు. అమెరికాలో పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డుల మీద ఇంటర్‌ఛేంజ్ రుసుముకు, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోయే రుసుముకు, 2011 నుంచి ఉన్న పరిమితి 21 సెంట్లు, లావాదేవీ మొత్తంలో 0.05 శాతం, మోసాల నివారణకు మరో సెంటు. అంటే 4 డాలర్ల వాష్ మీద ప్రాసెసర్ (చెల్లింపును నడిపించే సంస్థ) సొంత రుసుము కలపకముందే 22 సెంట్లు, దాదాపు 5.5 శాతం పోతుంది. అదే 10 డాలర్ల మీదైతే 2.25 శాతమే. బేకొక రీడర్ అమ్మే సంస్థలు తరచుగా రీడరుకు నెలకింత అద్దె, ప్రతి లావాదేవీ మీద ఇంత శాతం అని వసూలు చేస్తాయి. ఉదాహరణకు రీడరుకు నెలకు 8 డాలర్లు, లావాదేవీ మీద 6 శాతం అనుకుందాం. షాపంతటికీ ఒకే వ్యవస్థ పెట్టి సొంత మర్చంట్ ఖాతా తీసుకుంటే నెలకు 40 డాలర్లు, ప్రతి లావాదేవీకి 30 సెంట్లు, దానికి తోడు లావాదేవీ మొత్తం మీద 2 శాతం అనుకుందాం. ఆరు బేలలో నెలకు 3,000 డాలర్ల కార్డు వసూళ్లుంటే మొదటి పద్ధతికి 228 డాలర్లవుతుంది, సగటు బిల్లు ఎంతైనా సరే. రెండో పద్ధతిలో సగటు బిల్లు 4 డాలర్లయితే 325, 6 డాలర్లయితే 250, 8 డాలర్లయితే 212 డాలర్ల చిల్లర. రెండూ సమానమయ్యేది 7 డాలర్ల దగ్గర. మీకు వచ్చిన కొటేషన్లలోని అంకెలు వేరుగా ఉండవచ్చు. కానీ ఇదే లెక్క వాటితో వేసి చూడకుండా ఎవరి దగ్గరా సంతకం పెట్టవద్దు. 6 శాతం అనగానే ఉలిక్కిపడడం సహజమే. నేనూ ఉలిక్కిపడ్డాను. అయితే 4 డాలర్ల మీద ఆ సంస్థ తీసుకునే 24 సెంట్లలో 22 బ్యాంకుకే పోతున్నాయని తెలిశాక, చిన్న బిల్లులకు అది అన్యాయమైన ధర కాదని ఒప్పుకున్నాను.

ఇక్కడే మీటర్ పద్ధతి ప్రస్తావన వస్తుంది. ముందుగా 4 డాలర్లు కట్టించుకుని, సమయం అయిపోగానే మళ్లీ ట్యాప్ చేయించుకుంటే ఒక్క కారుకు రెండు మూడు లావాదేవీలై, 30 సెంట్ల రుసుము అన్నిసార్లూ పడుతుంది. అలా కాకుండా ఒకసారి ట్యాప్ చేసి, ఆపు బటన్ నొక్కేవరకు మీటర్ తిరిగి, చివరికి ఒకే మొత్తం పడే ఏర్పాటు రెండు రకాల వ్యవస్థల్లోనూ దొరుకుతుంది. తరుముకొచ్చే గడియారం లేనందువల్ల కస్టమర్ చక్రాలు కూడా నింపాదిగా తోముకుంటాడు, బిల్లూ పెరుగుతుంది. అయితే నిమిషానికి ఎంత పడుతుందో పెద్ద అక్షరాలతో బే గోడ మీద రాయాలి, ఆపు బటన్ ఎర్రగా ఎదురుగా ఉండాలి, గరిష్ఠ మొత్తం 15 డాలర్లకు మించకూడదు. బటన్ నొక్కడం మరచి వెళ్లిపోయిన మనిషికి పెద్ద బిల్లు వేయడం తప్పు. పైగా ముందుగా ఆ గరిష్ఠ మొత్తానికే అనుమతి తీసుకునే వ్యవస్థల్లో, డెబిట్ ఖాతాలో కొద్ది డబ్బు ఉన్నవారికి తేడా సొమ్ము కొంతకాలం నిలిచిపోతుంది.

డబ్బు తర్వాత నేను చూసేది చెడిపోయే తీరు. విడి రీడర్లలో ఒకటి ఆగిపోతే ఐదు బేలు నడుస్తూనే ఉంటాయి. గదిలోని పెట్టె గానీ ఇంటర్నెట్ గానీ ఆగితే శనివారం మధ్యాహ్నం ఆరు బేలూ కార్డు తీసుకోవు. మా షాపులో ఒక ఎండాకాలం వారాంతమంతా ఇదే జరిగింది. లైను కట్టిన కార్లు ఒక్కొక్కటిగా వెనక్కి తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. విడి రీడర్లకూ ఒక బలహీనత ఉంది: బే పెట్టెల ఇనుప తలుపుల వెనుక సెల్యులర్ సిగ్నల్ సరిగా అందకపోవచ్చు. కొనేముందు ప్రతి బేలో, పెట్టె తలుపు మూసి, సిగ్నల్ కొలిపించుకోవాలి. అందని చోట బయటి యాంటెనా తప్పదు.

హైదరాబాద్‌లో క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తే సరిపోతుంది కదా అని మా అన్నయ్య అడిగాడు. అక్కడ 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారుకు రుసుము సున్నా. ఇక్కడ క్యూఆర్ స్కాన్ చేసినా వెనుక ఉండేది సాధారణంగా కార్డే కాబట్టి ఆ రుసుము తప్పదు. తడి చేతులతో యాప్ దింపుకోమనడం అదనపు ఇబ్బంది. నెలసరి చందాలకు యాప్ ఉపయోగపడుతుంది గానీ, రీడర్‌కు బదులుగా పనికిరాదు.

కాబట్టి ఆరు బేలు గానీ అంతకు తక్కువ గానీ ఉండి, సగటు బిల్లు 7 డాలర్లకు తక్కువైతే బేకొక విడి రీడరే మేలని నా అభిప్రాయం. బిల్లు 10 డాలర్లు దాటే ఆటోమేటిక్ (యంత్రమే కారు కడిగే) బేలు రెండైనా ఉన్న షాపుకు, సొంత మర్చంట్ ఖాతాతో ఒకే వ్యవస్థ లాభిస్తుంది. అప్పుడు ఇంటర్నెట్ ఆగినా నడిచేలా సెల్యులర్ బ్యాకప్ రూటర్ కూడా కొనాలి. వ్యాక్యూమ్‌ల సంగతి వేరు. 2 డాలర్ల మీద 22 సెంట్లంటే 11 శాతం, కాబట్టి అక్కడ నాణేలనే ఉంచాను. బేలలో కూడా నాణేల యంత్రాలు తీయలేదు. వెయ్యి డాలర్ల క్వార్టర్లు 22 కిలోలకు పైగా తూగుతాయి, వాటిని మోసే నడుముకు ఆ బాధ తెలుసు. అయినా ఫోను, కార్డు రెండూ లేకుండా పాత పికప్‌లో వచ్చి, డ్యాష్‌బోర్డు అరలోంచి నాలుగు డాలర్ల చిల్లర ఏరుకుని బండి కడుక్కునే మనుషులు మా దగ్గరకు ఇప్పటికీ వస్తున్నారు.