చాముండి కొండకు ఆటో మాట్లాడుకోకండి, 201 నంబరు బస్సు ఎక్కండి

మైసూరులో మూడు రోజులు ఉన్నాం. ప్యాలెస్, జూ, బృందావన్ గార్డెన్స్ అన్నీ చూశాం, ఎక్కడా ఇబ్బంది పడలేదు. రైల్వే స్టేషను దగ్గర లాడ్జి గది రోజుకు 1,800 రూపాయలు. గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి. ఇక నేను రాయాలనుకున్నది చాముండి కొండకు ఎలా వెళ్లాలన్న ఒక్క విషయం గురించే. అక్కడ మా అమ్మ పడిన బాధ ఇంకొకరి తల్లికి కలగకూడదు.

కర్నూలులో కాచిగూడ - మైసూరు రైలు ఎక్కి నలుగురం వెళ్లాం. అమ్మ, నేను, నా భార్య, ఇంటర్ చదివే మా అబ్బాయి. ప్రయాణం పెట్టుకున్నదే అమ్మ కోసం. చాముండేశ్వరిని చూడాలని ఆమె చాలా ఏళ్లుగా అడుగుతోంది. అమ్మకు అరవై తొమ్మిదేళ్లు. మోకాళ్లు అంతగా సహకరించవు కానీ నియమం మాత్రం వదలదు. గుడికి వెళ్లే రోజు దర్శనం అయ్యేదాకా ఏమీ తినదు. కాఫీ కూడా తాగదు.

శనివారం పదిన్నరకు లాడ్జి బయటికి రాగానే ఒక ఆటో ఆయన ఎదురొచ్చాడు. తెలుగు బాగా మాట్లాడాడు. నేను మొదట మెత్తబడింది అక్కడే. కొండ మీద గుడి, దిగేటప్పుడు నంది, నగరం కనిపించే వ్యూ పాయింట్, పైన గంటన్నర వెయిటింగ్, మళ్లీ లాడ్జి దగ్గర దింపడం, అన్నీ కలిపి 900 రూపాయలు అన్నాడు. కొండ ఊరి నుంచి పదమూడు కిలోమీటర్లు. రానూపోనూ నలుగురికి తొమ్మిది వందలంటే ఎక్కువేమీ కాదనిపించి సరే అన్నాను. బస్సు ఉందా అని అమ్మ ఒకసారి అడిగింది. "బస్సులో నిలబడాలమ్మా, పెద్దవారు మీవల్ల కాదు" అని ఆయనే జవాబు చెప్పాడు.

ఆటో కొండ వైపు వెళ్లలేదు. "దారిలోనే, ఐదు నిమిషాలు, చూడండి చాలు, కొనక్కర్లేదు" అంటూ ఒక పట్టు చీరల దుకాణం ముందు ఆపాడు. లోపలికి వెళ్లాక ఐదు నిమిషాల్లో ఎవరూ బయటికి రానివ్వరు. కుర్చీలు వేశారు, టీ తెప్పించారు, చీర మీద చీర పరిచారు. అమ్మ టీ వద్దని చేయి అడ్డం పెట్టి కూర్చుంది. మొహమాటానికి నా భార్య 2,650 రూపాయలు పెట్టి ఒక చీర తీసుకుంది. అక్కడే నలభై నిమిషాలు గడిచాయి. తర్వాత గంధపు నూనె, అగరుబత్తుల దుకాణం ఒకటి. అక్కడ ఇంకో అరగంట. గాజు బుడ్డీలోంచి ఒక చుక్క నూనె తీసి మా అబ్బాయి మణికట్టు మీద రాసి, ఇది అసలు మైసూరు గంధం అన్నారు. నేను లేచి బయటికి వచ్చి ఇక వెళ్దామని కాస్త గట్టిగానే అన్నాను. సరేనని బయల్దేరాడు కానీ పెట్రోలు బంకులో ఒకసారి, తెలిసినవాళ్లెవరో కనిపించారని ఇంకోసారి ఆగాడు. ఇలాంటి దుకాణాలకు మనుషులను తీసుకెళ్తే డ్రైవర్లకు కమీషను ముడుతుందని నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా తెలుగు మాట్లాడాడని నమ్మాను.

చాముండేశ్వరి గుడి మధ్యాహ్నం రెండింటికి మూసి, మళ్లీ మూడున్నరకు తెరుస్తారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మళ్లీ మూసి ఉంచుతారు. ఈ వేళలు ఆ డ్రైవరుకు తెలియకుండా ఉంటాయా? రోజూ చేసే పనే కదా. మమ్మల్ని పైన దింపేసరికి రెండు కావడానికి ఏడు నిమిషాలు ఉంది. అక్కడి నుంచి గుడి దాకా దుకాణాల మధ్యగా నడవాలి. అబ్బాయి ముందు పరుగెత్తాడు. నేను అమ్మ చేయి పట్టుకుని వీలైనంత వేగంగా నడిపించాను. మేము చేరేసరికి వరుసలోకి మనుషులను వదలడం ఆపేశారు.

అమ్మ ఏమీ అనలేదు. ఏడంతస్తుల గోపురం కేసి తలెత్తి చూసి దండం పెట్టుకుని, నీడలో ఒక మెట్టు మీద కూర్చుంది. చేతిలో పూజకు కొన్న మల్లెమాల ఉంది. అరవై రూపాయలు పెట్టి పొద్దున లాడ్జి దగ్గర కొన్నది. ఆ మూడున్నర గంటల్లో అంచున ఉన్న మొగ్గలు గోధుమరంగుకు తిరిగాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటీ గిల్లి పక్కన పెట్టి, తెల్లగా మిగిలిన వాటిని తడి రుమాలులో మళ్లీ చుట్టింది. నేను ఆ పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాను. నా భార్య మాత్రం చీర సంచిని ఎవరికీ కనిపించకుండా వెనక్కి పెట్టుకుంది. తనవల్లే ఆలస్యమైందని రాత్రి దాకా బాధపడుతూనే ఉంది.

మూడున్నర దాకా ఆగమని డ్రైవరును అడిగితే గంటన్నర దాటాక ప్రతి గంటకు మూడు వందలు అన్నాడు. నందికి వెళ్లాలంటే దారి వేరు కాబట్టి ఇంకో రెండు వందలు. పొద్దున తొమ్మిది వందల్లో ఉన్న నంది ఇప్పుడు విడిగా ఎలా అయింది? నేను గొంతు పెంచాను, ఆయనా పెంచాడు. చుట్టూ జనం చేరారు. అమ్మ లేచి వచ్చి, "అమ్మవారి వాకిట్లో కొట్లాట వద్దు నాయనా, ఇచ్చి పంపించు" అంది. అప్పుడు వెయ్యి రూపాయలు ఇచ్చి పంపించాను. దిగే ప్రయాణం లేదు, నంది లేదు, వ్యూ పాయింట్ లేదు, వెయ్యి రూపాయలు పోయాయి. వాటికంటే అమ్మ ఎండవేళ ఆకలితో ఎదురుచూసిన గంటన్నర నన్ను ఇప్పటికీ మండిస్తోంది.

మూడున్నరకు తలుపులు తెరిచాక ఉచిత దర్శనం వరుసలో ఇరవై ఐదు నిమిషాల్లో లోపలికి వెళ్లాం. దర్శనం బాగా జరిగింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అప్పుడు అరటిపండు తింది. గుడికి కొంచెం దూరంలో, ఒక చేత కత్తి, ఒక చేత పాము పట్టుకుని రంగురంగుల మహిషాసురుడి విగ్రహం ఉంటుంది కదా, అక్కడ అబ్బాయి ఫొటోలు తీసుకున్నాడు. మైసూరుకు ఆ పేరు మహిషాసురుడి వల్లే వచ్చిందంటారు.

ఇక దిగడం ఎలా? ఫోనులో క్యాబు కోసం చూస్తే ఇరవై నిమిషాలైనా ఎవరూ ఒప్పుకోలేదు. అలాగే ఎదురుచూస్తున్న సేలం దంపతులు కూడా మాతోపాటు నిలబడ్డారు. కొండ ఎక్కడానికి క్యాబులు సులువుగానే వస్తాయి, పైనుంచి దిగేటప్పుడే చిక్కు అని వాళ్లు అన్నారు. అప్పుడు అబ్బాయి చూపించాడు. వంద అడుగుల దూరంలో బస్టాండు ఉంది. 201 అని రాసిన బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. చాలా సీట్లు ఖాళీగానే ఉన్నాయి. పెద్దవారు బస్సులో నిలబడాలన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఆ బస్సు ప్యాలెస్ పక్కనే ఉన్న సిటీ బస్టాండుకు, కొండకు మధ్య రోజంతా తిరుగుతుంది. మామూలు బస్సులతోపాటు ఏసీ బస్సులు కూడా ఉన్నాయి. మేము ఎక్కింది మామూలు బస్సు. నలుగురికీ కలిపి నూట యాభై రూపాయలు కూడా కాలేదు. కండక్టరు రాగానే అమ్మ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. మన దగ్గర ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చినప్పటి నుంచి బస్సెక్కితే ఆమె చేయి దానంతటదే ఆధార్ మీదికి పోతుంది. కండక్టరు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, కన్నడం, తెలుగు కలిపి, నవ్వుతూనే చెప్పాడు. వాళ్ల శక్తి పథకం కర్ణాటక మహిళలకు మాత్రమేనట. 2023 జూన్ నుంచి అక్కడ ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో టికెట్ లేదు, కానీ స్థానిక చిరునామా ఉండాలి. మన ఆడవాళ్లు వెళ్తే టికెట్ తీసుకోవాల్సిందే, ముందే తెలిసి ఉంటే మంచిది. అంత చెప్పినాయన, అమ్మ మోకాలు రుద్దుకోవడం చూసి, ముందు సీటులో కూర్చున్న కుర్రాడిని లేపి ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. దిగాల్సిన చోటు వచ్చాక డ్రైవరును రెండు నిమిషాలు ఆపమని, ఆమె రెండు కాళ్లూ నేల మీద పెట్టాకే ఈల వేశాడు. ఆటో ఆయన చేసిన గాయం సగం అక్కడే మానింది.

కొండ దిగేటప్పుడు కుడి, ఎడమ కిటికీలు రెండూ బాగుంటాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ ఊరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతుంది. పచ్చని చెట్ల మధ్య తెల్లగా లలితమహల్, కొండ కింద గుర్రపు పందేల మైదానం, దూరంగా సెయింట్ ఫిలోమినా చర్చి జంట శిఖరాలు. ఆటోలో ఎక్కేటప్పుడు వాటిలో ఒక్కటీ మా కంట పడలేదు. ఆటో పైకప్పు కిందికి ఉంటుంది, పైగా మా కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

ఆ రాత్రి అమ్మే అంది, "రేపు పొద్దున్నే మళ్లీ వెళ్దాం. ఈసారి తీరిగ్గా." ఆదివారం ఆరున్నరకు సిటీ బస్టాండుకు వెళ్లి మళ్లీ 201 ఎక్కాం. అందరికీ సీట్లు దొరికాయి. గుడి తలుపులు ఏడున్నరకు తెరుస్తారు. మేము ఏడు గంటల పది నిమిషాలకే పైన ఉన్నాం. మంచు ఇంకా పూర్తిగా పోలేదు. ఈసారి మల్లెలు గుడి దగ్గరే, నలభై రూపాయలకే కొన్నాం. అవి వాడిపోకముందే అమ్మవారికి చేరాయి.

దర్శనమయ్యాక అమ్మ, నా భార్య బస్సులో దిగారు. అబ్బాయి, నేను మెట్ల దారి పట్టాం. కొండకు సుమారు వెయ్యి మెట్లు ఉన్నాయి. 1659 నుంచి 1673 దాకా పాలించిన దొడ్డ దేవరాజ ఒడెయరు కాలంలో వేసినవి. నల్లనంది కూడా ఆ కాలం నాటిదే. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది ఎత్తు సుమారు పదిహేను అడుగులు, పొడవు ఇరవై నాలుగు అడుగులు. కింది నుంచి లెక్కపెడితే ఏడు వందల మెట్ల దగ్గర ఉంటుంది. కాబట్టి పైనుంచి దిగితే మూడు వందల మెట్లలోనే దొరుకుతుంది. నంది మెడలో చెక్కిన గంటల వరుసలు నూనెతో నిగనిగలాడుతున్నాయి. ముందు నిలబడితే దాని ముట్టె మన తలకంటే పైన ఉంటుంది. ముందు రోజు రెండు వందలు అదనంగా అడిగిన నంది ఇది. పైసా ఖర్చు లేకుండా అరగంట కూర్చుని చూశాం.

నంది నుంచి కిందికి వస్తుంటే ఒకామె ఎదురుగా ఎక్కుతూ కనిపించింది. నలభై ఏళ్లు ఉంటాయేమో. ఎడమచేతిలో రెండు గిన్నెలున్న పళ్లెం, ఒకదానిలో తడిపిన పసుపు, ఇంకోదానిలో కుంకుమ. ప్రతి మెట్టు దగ్గర వంగి మూడు చోట్ల పసుపు రాసి, దాని మీద ఉంగరపు వేలితో బొట్టు పెట్టి, ఆ మెట్టు ఎక్కి, మళ్లీ వంగుతోంది. ముందు వెళ్లినవాళ్ల బొట్లు కనిపిస్తున్నా, వాటి పక్కనే తనవి పెడుతోంది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. వెయ్యి మెట్లకూ ఇలాగే చేస్తారట. బొట్లు తొక్కకుండా మేము మెట్ల అంచుల మీద కాళ్లు పెట్టి దిగాం.

నందితో కలిపి దిగడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పాదం దగ్గర దోసకాయ ముక్కలకు ఉప్పు, కారం చల్లి ఇస్తారు, ఇరవై రూపాయలు. తప్పకుండా తినండి. అక్కడి నుంచి బస్టాండుకు ఆటోలో వెళ్లాం. ఈసారి ఆటో ఆయన 160 అడిగాడు, 150 ఇచ్చాం, మాట మార్చకుండా దింపాడు. అందుకని ఆటోవాళ్లందరినీ అనడం లేదు. కొండకు ప్యాకేజీ మాట్లాడుకోవడం వద్దంటున్నాను. తప్పనిసరైతే ముందే చెప్పండి, నేరుగా కొండకే, దారిలో ఏ దుకాణం దగ్గరా ఆగకూడదు, డబ్బు మేము తిరిగొచ్చాకే ఇస్తాం అని. ఒప్పుకోకపోతే వదిలేయండి.

సొంత కారులో వెళ్లేవారికి పైన అంతస్తుల పార్కింగు ఉంది. మాతోపాటు లాడ్జిలో దిగిన అనంతపురం కుటుంబం శనివారం సాయంత్రం కారులో వెళ్లి, దిగేటప్పుడు చాలాసేపు బండ్ల వరుసలో ఇరుక్కున్నారు. వారాంతమైతే కారు లాడ్జి దగ్గరే వదిలి బస్సెక్కమంటాను. ఆషాఢ శుక్రవారాల్లో ఎలాగూ సొంత వాహనాలను పైకి వదలరు, లలితమహల్ మైదానం నుంచి బస్సుల్లోనే తీసుకెళ్తారు. కొండకు రోప్‌వే వేయాలన్న ప్రతిపాదన వస్తే మైసూరు వాళ్లే గట్టిగా వద్దన్నారు. ఆ మెట్లు, ఆ చెట్లు చూశాక వాళ్ల మాటే సబబని నాకూ అనిపించింది.

మోకాళ్లు బాగున్నవారు బస్సులో ఎక్కి మెట్ల మీదుగా దిగాలి. పెద్దవారు, చిన్నపిల్లలు రెండు వైపులా బస్సే. పొద్దున ఏడున్నరకల్లా పైన ఉండేలా బయల్దేరండి.

మేము బస్టాండు చేరేసరికి అమ్మ, నా భార్య గంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అమ్మ ఒళ్లో నంజనగూడు అరటిపళ్ల గెల ముక్క, ఎనభై రూపాయలట. నా భార్య ఆ 2,650 రూపాయల చీర కట్టుకుని వచ్చిందని అప్పుడే గమనించాను. పొద్దున గుడిలో అమ్మవారి ముందు ఆ కొంగు పరిచి దండం పెట్టుకోమని అమ్మే చెప్పిందట. నంది ఎలా ఉందిరా అని అమ్మ మనవడిని అడిగింది. వాడు చెయ్యి తన తలకంటే పైకెత్తి, ముట్టె ఇక్కడి దాకా వస్తుందని చూపించాడు.