తవుడు–చెక్క ముద్దా, ఉడికించిన గోధుమ ముద్దా?

చెరువులో బొచ్చె, శీలావతి కోసం గాలం వేసేవాళ్లకు ఇంట్లో చేసుకోగలిగిన ఎరలు ప్రధానంగా ఈ రెండే.

పోషక బలం సంగతికొస్తే తవుడు–చెక్కదే పైచేయి. వేరుశనగ చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, మాంసకృత్తులు 40 శాతం పైనే. గోధుమ పిండిలో 10–12. పావుకిలో తవుడును సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, 100 గ్రాముల చెక్క పొడి, 50 గ్రాముల మైదా కలపాలి. నీళ్లు ఒకేసారి పోయొద్దు, చెంచాలతో చిలకరించాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తడితే పొడిగా విడిపోవాలి. నీళ్లలో కూడా అదే జరుగుతుంది: ముద్ద కరిగి మబ్బులా పరుచుకుంటుంది, ఆ వాసనకు చేప వస్తుంది. మైదా ఎక్కువైతే రాయిలా మునిగి ఊరుకుంటుంది. కనరు వాసన వచ్చే తవుడు, బూజు పట్టిన చెక్క వాడొద్దు.

గోధుమ ముద్దకు అంత హంగామా లేదు. చపాతీ పిండి కంటే గట్టిగా కలిపి, నిమ్మకాయంత ఉండలు మరిగే నీళ్లలో వేయాలి. పైకి తేలాక మరో రెండు నిమిషాలు ఉంచి తీసి, వేడి మీదే కాస్త బెల్లంతో మళ్లీ పిసకాలి. పచ్చిగా మిగిలితే విసిరేటప్పుడే గాలపు ముల్లు నుంచి ఊడిపోతుంది.

పరిగెలు (చిన్న చేపలు) ఎరను పొడిచి తినే చోట గోధుమ ముద్దే నిలుస్తుంది. చేప జాడే లేని చోట మాత్రం తవుడు ముద్దే మేలు. మా మాటైతే, చల్లడానికి తవుడు ముద్ద, ముల్లుకు గోధుమ ముద్ద.