ఊరగాయకు కరెంటు కావాలా? జాడీ, ఐసు పెట్టె, థర్మోస్టాట్ ఫ్రిజ్‌లలో ఏది మేలు?

ఊరగాయ పెట్టడానికి ఉష్ణోగ్రతను అదుపు చేసే పరికరం కొనాలా అని అడిగేవారిని నేను ముందు అడిగేది ఒకటే: మీరు పెట్టేది ఏ ఊరగాయ? ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ మాత్రమే అయితే డబ్బు దాచుకోండి. క్యాబేజీ, క్యారెట్, కీరా, ముల్లంగి వంటివి ఉప్పునీటిలో పులియబెట్టేవారైతే, అదీ చెన్నైలో, ఎండాకాలంలో అయితే, కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతే.

ఆవకాయ సంగతి ముందు తేల్చేద్దాం. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త వెలితిగా ఉప్పు, పైకి తేలేంత నువ్వుల నూనె. ఇంటింటికీ కొలత మారినా అటూ ఇటుగా లెక్క ఇదే. అంత ఉప్పులో, పైగా పచ్చిమామిడి పులుపులో, సూక్ష్మజీవులకు పెద్దగా పని ఉండదు. మూడో రోజు తిరగగలిపేటప్పుడు కనిపించే ఊట, ముక్కలోంచి ఉప్పు లాగిన నీరే. దాన్ని ఏడాది పొడవునా కాపాడేవి ఉప్పు, పులుపు, నూనె. జాడీకి వాసెన కట్టి, తడి చెయ్యి తగలకుండా చూసుకుంటే 38 డిగ్రీల మే నెల దాన్ని ఏమీ చేయలేదు. చల్లని పెట్టెలో పెడితే ముక్క ఊరడం ఆలస్యమవుతుంది, అంతకంటే ఒరిగేదేమీ లేదు. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ నా పెట్టెను చూసి, "ఊరగాయకు కరెంటు ఏమిటమ్మా, ఎండ చాలదూ?" అన్నారు. ఆవకాయ వరకు ఆవిడ మాటకు తిరుగులేదు. మైలాపూరు మాడవీధుల్లో వడుమాంగాయలు, అంటే లేత మామిడి పిందెలు, కొని దండిగా ఉప్పు పోసి ఊరవేసుకునేవారికీ జాడీయే చాలు.

ఉప్పునీటి ఊరగాయ దారి వేరు. అందులో ఉప్పు కిలో క్యాబేజీకి 20 నుంచి 25 గ్రాములే. కీరాకైతే లీటరు నీటికి 50 గ్రాముల దాకా పడుతుంది. ఆ కొద్ది ఉప్పు చెడ్డ క్రిములను కొంతసేపు ఆపగలదు కానీ, అసలు కాపలా అంతా లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాది. అవి ఒక వరుసలో వస్తాయి. మొదట రంగంలోకి దిగేది ల్యూకోనోస్టాక్. 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఇది హాయిగా పెరుగుతుంది. లాక్టిక్ ఆమ్లంతోపాటు బొగ్గుపులుసు వాయువు, కాస్త ఆల్కహాలు, కాస్త వెనిగర్ పులుపు కూడా ఇస్తుంది. బాగా కుదిరిన క్యాబేజీ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే పరిమళం చాలావరకు దీని చలవే. పులుపు పెరిగేకొద్దీ ఇది తప్పుకుంటుంది, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ వంటివి పని అందుకుంటాయి.

గది 32 డిగ్రీలు ఉంటే ఈ రెండో జట్టు తొందరపడి ముందే దిగిపోతుంది. 18 డిగ్రీల దగ్గర మూడు వారాలు పట్టే పని పది రోజుల్లో ముగుస్తుంది. త్వరగా అయింది కదా అని సంతోషించవచ్చు, నాలుక మాత్రం ఒప్పుకోదు. పులుపు ఉంటుంది, దాని వెనక ఏ రుచీ ఉండదు. కీరాకు ఇంకో చిక్కు ఉంది. కాయ గట్టిగా ఉండటానికి కారణమైన పెక్టిన్‌ను విడగొట్టే ఎంజైములు వేడిలో చురుగ్గా పనిచేసి ముక్కను మెత్తబరుస్తాయి. లోపల వాయువు చేరి కాయ బోలుపడుతుంది కూడా. కరకరలాడని కీరా ఊరగాయ ఎవరికి కావాలి? పైన తెల్లని తెట్టు కట్టడమూ ఈ వేడిలోనే ఎక్కువ. మేలో చెన్నైలో రాత్రి ఉష్ణోగ్రత కూడా సగటున 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, వంటింటి అరమీద పెట్టిన సీసాకు చల్లని వేళంటూ దొరకదు.

తడిగుడ్డ చుట్టిన మట్టికుండ మన పాత ఉపాయం. పొడిగాలి ఉన్న చోట అది బాగా పనిచేస్తుంది. మార్చి మధ్యాహ్నం బెంగళూరులో 33 డిగ్రీల ఎండ, 30 శాతం తేమ ఉంటే కుండ 20, 21 దాకా చల్లబడే వీలుంది. చెన్నైలో సముద్రపు గాలి ఆ ఆశ పెట్టుకోనివ్వదు. 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నప్పుడు ఎన్నిసార్లు తడిపినా 28 కిందికి రాదు. నీళ్లు దండగ.

ఇక థర్మోకోల్ పెట్టె. దీన్ని చాలామంది చులకనగా చూస్తారు కానీ నాకు దీని మీద గౌరవం ఎక్కువ. చేపలు, మందులు వచ్చే మందపాటి పెట్టె ఒకటి సంపాదించి, అడుగున నీళ్లు పట్టే టబ్బు పెట్టి, అందులో ఊరగాయ సీసాను నిలబెట్టాలి. బయటి నీటి మట్టం సీసాలోని ఉప్పునీటి మట్టం దాకా రావాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మార్చి పెడుతూ, నీటిలో ఒక థర్మామీటరు వేలాడదీస్తే సరి. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊగిసలాట వల్ల పెద్ద నష్టం లేదు. ల్యూకోనోస్టాక్ పని ముఖ్యంగా మొదటి నాలుగైదు రోజుల్లోనే కాబట్టి, ఆ కొద్ది రోజులు చల్లగా ఉంచితే సగం గెలిచినట్టే. దీనితో ఉన్న ఇబ్బంది శ్రమే. ఊరికి వెళ్లడానికి లేదు, రాత్రి సీసా మార్చడం మరచిపోతే తెల్లారేసరికి నీళ్లు గది వేడికి వచ్చేస్తాయి.

ఆ శ్రమ వద్దనుకునేవారికి పాత ఫ్రిజ్, దానికి తగిలించే థర్మోస్టాట్ కంట్రోలర్. అన్నా సాలై పక్కన రిచీ వీధిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే దుకాణాల్లో ఎస్‌టీసీ-1000 వంటి చిన్న కంట్రోలర్లు తక్కువ ధరకే దొరుకుతాయి. వైరు చివర ఉన్న సెన్సరు వేడిని చూస్తుంది, పెట్టిన అంకె దాటగానే ఫ్రిజ్‌కు కరెంటు ఇస్తుంది, దిగగానే ఆపేస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్న సొంత మీటను అన్నిటికంటే చల్లని అంకె మీద ఉంచాలి, లేకపోతే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఒంటి తలుపు పాత రకమే మంచిది. ఫ్రాస్ట్‌ఫ్రీ రకంలో ఫ్యాన్లు, సర్క్యూట్ బోర్డులు ఉంటాయి, మాటిమాటికీ కరెంటు తీసి ఇస్తే వాటి వరుస తప్పుతుంది.

సెన్సరు ఎక్కడ పెడతారన్నదే ఇందులో అసలు కిటుకు. గాలిలో వేలాడదీస్తే తలుపు తెరిచిన ప్రతిసారీ కంప్రెసర్ లేస్తుంది. సీసా గోడకు టేపుతో అంటించి, పైన చిన్న థర్మోకోల్ ముక్క కప్పితే అది ఊరగాయ వేడినే చూస్తుంది. 19 డిగ్రీలు పెట్టి ఒక డిగ్రీ తేడా ఇస్తే చాలు. కంప్రెసర్ ఆగాక తిరిగి మొదలయ్యేందుకు మూడు నిమిషాల విరామం ముందే అమర్చి ఉంటుంది, దాన్ని తగ్గించకండి. లోపలి ఒత్తిడి సర్దుకోకముందే కంప్రెసర్‌ను మాటిమాటికీ లేపితే అది కాలిపోయే ప్రమాదం ఉంది. వైరింగు తెలిసిన మనిషి చేత, ఎర్తుతో సహా చేయించుకోండి. ఇంకో సంగతి, 19 డిగ్రీల దగ్గర ఫ్రిజ్ ఎక్కువసేపు ఆగే ఉంటుంది కనుక చెన్నై తేమ లోపల చేరి గోడలకు బూజు పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. ప్లాస్టిక్ అరలకు పట్టిన వాసన మాత్రం పోదు. ఆ ఫ్రిజ్‌లో ఇక పాలు పెట్టకండి.

కొరియావారి పులియబెట్టిన క్యాబేజీ ఊరగాయ కిమ్చీ, దాని కోసం చేసిన కిమ్చీ ఫ్రిజ్ గురించి కూడా అడుగుతున్నారు. చెన్నై చుట్టుపక్కల కొరియా కంపెనీలు ఉండటంతో కిమ్చీ సామాను ఇక్కడ తేలిగ్గానే దొరుకుతుంది, ఆ ఫ్రిజ్ మీదికి మనసు పోవడం సహజం. కొరియాలో గోల్డ్‌స్టార్ కంపెనీ 1984లోనే ఒకటి తెచ్చింది, 1995లో వచ్చిన డిమ్చే అనే బ్రాండుతో అది ఇంటింటి వస్తువైంది. చలికాలంలో జాడీలను భూమిలో పాతిపెట్టే అలవాటుకు అది బదులు. పులిసిన కిమ్చీని సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి నిలవ ఉంచడం దాని ముఖ్యమైన పని. మనకు కావలసింది మొదటి వారం చల్లదనం. దానికి అంత డబ్బు పెట్టనక్కర్లేదు. కంప్రెసర్ లేకుండా పెల్టియర్ చిప్పుతో, అంటే కరెంటు పారితే ఒక పక్క చల్లబడే బిళ్లతో, నడిచే చిన్న పెట్టెలైతే అసలు వద్దు. గది వేడికంటే 15, 20 డిగ్రీలు దించడమే వాటి హద్దు. 37 డిగ్రీల వంటింట్లో 19 కోసం అవి రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి.

ఏ పెట్టె వాడినా ఉప్పు తూకం వేయడం మానకండి. చల్లదనం ఉప్పుకు బదులు కాదు. పులుపును కొలిచే పీహెచ్ కాగితం (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ముంచి చూస్తే 4.6 కంటే బాగా కిందికి దిగి ఉండాలి, అప్పుడే ఊరగాయ భద్రం. ముక్క ఎప్పుడూ ఉప్పునీటిలో మునిగే ఉండాలి. వాయువు పోవడానికి మూత కాస్త వదులుగా ఉంచండి.

నా ఓటు ఇలా. నెలనెలా రెండు మూడు సీసాలు పులియబెట్టేవారికి పాత ఫ్రిజ్, కంట్రోలర్. ఏడాదికి ఒకటి రెండుసార్లు సరదాపడేవారికి థర్మోకోల్ పెట్టె, లేదా డిసెంబరు, జనవరి దాకా ఓపిక. అప్పుడు చెన్నై రాత్రి 21, 22కి దిగుతుంది, సీసాను వంటింటి నేల మీద పెడితే చాలు. బెంగళూరు వారికి ఏడాదిలో చాలా నెలలు ఏ పెట్టే అక్కర్లేదు. వాళ్లకు చలికాలంలో ఇడ్లీ పిండి పొంగక ఇబ్బంది, మనకు ఆ బెంగ లేదు. ఇక కరెంటు లెక్క. 19 డిగ్రీల దగ్గర ఫ్రిజ్ తినేది, 4 డిగ్రీల దగ్గర తినేదానికంటే బాగా తక్కువ. అయినా తమిళనాడులో రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే కింది యూనిట్ల రేటు కూడా పెరుగుతుంది. ఏసీల వల్ల ఏప్రిల్, మే నెలల్లో మీ మీటరు ఆ అంకె అంచున ఉంటుందా? అయితే ఆ రెండు నెలలూ పాత ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, థర్మోకోల్ పెట్టెనే వాడండి.