వెన్ను ఆపరేషన్: చిన్న కోత మేలా, పెద్ద కోత మేలా?

మా పెద్దమ్మ రైతుబజారుకి బయల్దేరితే రెండొందల అడుగులు నడిచేసరికి ఎవరో ఒకరి అరుగు మీద కూలబడుతుంది. పిక్కలు లాగేస్తాయి, పాదాలు మొద్దుబారతాయి. కాసేపు ముందుకు వంగి కూర్చుంటే మళ్లీ మామూలే. ఎమ్మారై తీస్తే నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము నాలుగో, ఐదో పూసల మధ్య, నరాల దారి ఇరుకైందనీ, పై పూస కాస్త ముందుకు జారిందనీ తేలింది. ఒక డాక్టరు చిన్న కోతతో చేసే కీహోల్ అన్నారు. ఇంకొకరు ఓపెన్ చేసి స్క్రూలు బిగిద్దామన్నారు. ఇంట్లో అందరూ కీహోల్ వైపే. నేనూ అంతే, ఆరా తీయకముందు.

ఓపెన్‌లో నడుము మధ్యన కోసి, పూసలను అంటుకున్న కండరాలను ఒలిచి పక్కకు లాగి పట్టుకుంటారు. ఆ తర్వాత వారాల తరబడి సలిపే నొప్పిలో వీటి వాటా పెద్దది. కీహోల్‌లో కండరాన్ని ఒలవరు. పోగుల మధ్యకు సన్నని గొట్టం, దాని మీద నుంచి ఇంకాస్త లావుది, ఇలా దింపుకుంటూ పోయి రెండు సెంటీమీటర్ల సందు చేసి అందులోంచే పని కానిస్తారు. రక్తం తక్కువ పోతుంది, మంచం త్వరగా దిగుతారు. షుగర్ ఉన్నవాళ్లకి, ఒళ్లున్నవాళ్లకి ఇది చిన్న లాభం కాదు.

ఏడాది గడిచాక చూస్తే తేడా అంతగా కనిపించదు. డిస్క్ జారిన 328 మంది మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలన 2009లో వచ్చింది. గొట్టం పద్ధతి మామూలు ఆపరేషన్‌ని మించలేదు, కాలినొప్పి తగ్గడంలో కాస్త వెనకబడింది కూడా. 2022లో అక్కడే 613 మందితో వచ్చిన ఇంకో పరిశీలనలో ఎండోస్కోప్, అంటే సన్నని కెమెరా గొట్టంతో చేసే ఆపరేషన్, పాతదానికి తీసిపోలేదు. ఇరుకు సందులో పని కాబట్టి చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. నరాల పొర చిరిగితే అందులోంచి కుట్టడం కష్టం.

మా పెద్దమ్మ విషయంలో కోతకంటే స్క్రూలే అసలు ప్రశ్న. ఇలాగే పూస జారిన 267 మంది మీద నార్వేలో చేసిన పరిశీలన 2021లో వచ్చింది. నరాల మీద ఒత్తిడి మాత్రమే తీయించుకుని స్క్రూలు వేయించుకోనివాళ్లు, స్క్రూలతో పూసలు అతికించుకున్నవాళ్లకు తీసిపోలేదు. కాకపోతే మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మొదటి గుంపులో కొద్దిగా ఎక్కువ.

వెన్ను బాగా వంకరపోయిన కేసుల్లో మాత్రం నా ఓటు ఓపెన్‌కే. నడుము ముందుకు వాలిపోయి, మోకాళ్లు మడిచి నడిచేవాళ్లకు తల మళ్లీ తుంటి మీదకు రావాలి. వంపు ఇంకా మెత్తగా ఉంటే పక్క నుంచి చిన్న కోతలతో సరిచేయొచ్చు. గట్టిపడిపోతే ఎముకను ముక్కగా తీసి వంచాల్సిందే, అది గొట్టంలోంచి అయ్యే పని కాదు. ఎముకలు గుల్లబారితే ఏ కోతతో వేసినా స్క్రూలు వదులయ్యే ముప్పు ఎక్కువ, ముందే ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేయించాలి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఈ బేరీజులేమీ వద్దు. ఆ రాత్రే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పరిగెత్తాలి.

వంగి, నిటారుగా నిలబడి తీసిన ఎక్స్‌రేల్లో పెద్దమ్మ పూస పెద్దగా కదల్లేదు. అందుకని స్క్రూలు లేకుండా కీహోలే ఖాయం చేశాం. ఆవిడ డాక్టరుని అడిగింది ఒక్కటే: "కత్తిపీట ముందు ఎప్పుడు కూర్చోవచ్చు బాబూ?"

"కొన్నాళ్లు దాన్ని అటక మీద పెట్టించండమ్మా" అన్నారాయన.

అది ఇంకా వంటింట్లోనే ఉంది.