కర్నూలు దుమ్ములో నాలుగేళ్లు: ఇన్‌లైన్ హాకీ స్కేట్లు, ప్యాడ్లు, హెల్మెట్

కర్నూల్లో ఐస్ రింకు లేదు. ఇక్కడ స్కేట్ల హాకీ అంటే సిమెంటు గచ్చు మీదో, నాపబండలు పరిచిన హాల్లోనో, వరసగా నాలుగు చక్రాలున్న ఇన్‌లైన్ స్కేట్లతో ఆడేదే. అడుగున ఐస్ స్కేటుకుండే ఉక్కు పలక బదులు ఫ్రేమూ చక్రాలూ ఉంటాయి గానీ, పైనున్న బూటు మాత్రం ఐస్ హాకీ బూటు లాంటిదే. ఈ సమీక్ష మధ్యరకం ధరలో దొరికే హాకీ బూటు గురించి: అల్యూమినియం ఫ్రేము, వెనక రెండు 80 మి.మీ. చక్రాలు, ముందు రెండు 76 మి.మీ. చక్రాలు. వాడకం నాలుగేళ్లు, వారానికి నాలుగు పొద్దులు, పొద్దుకు గంటన్నర.

ముందుగా తేల్చేస్తాను. బూటు ఇంకో రెండేళ్లు లాగుతుంది. ఫ్రేము వంగలేదు. ఖర్చంతా చక్రాల మీద, బేరింగుల మీద పడింది. ఆ ఖర్చులో సగం మన నిర్లక్ష్యం వల్లే అవుతుంది.

బూటు కొనేటప్పుడు డబ్బు కన్నా కొలత ముఖ్యం. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమను గోడకు ఆనించి కాగితం మీద నిలబడి రెండు పాదాలూ సెంటీమీటర్లలో కొలవాలి. పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అమెరికా లెక్కలో హాకీ బూటు నంబరు మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. మన దుకాణాల్లో చెప్పేదేమో యూకే నంబరు. ఈ రెండూ కలగలిపి ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే సరిపోని బూటే వస్తుంది.

చేతికొచ్చాక మూడు పరీక్షలు. లేసులు కట్టకుండా వేళ్లు ముందుకు ఆనేదాకా జరిపితే మడమ వెనక ఒక్క వేలే పట్టాలి. రెండు వేళ్లు పడితే తిప్పి పంపేయండి. తర్వాత బూటు నాలుకను (లేసుల కిందుండే పట్టను) ముందుకు లాగి, పైనుంచి మూడో లేసు రంధ్రాల జత మీద పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ పాదం మీద ఊగుతుంటే బూటు లోతు చాలదు, పాదం పైభాగం నొక్కుకుపోతుంది. చివరగా లేసులు బిగించి మోకాళ్లు వంచితే వేళ్లు ముందు గోడ నుంచి కొంచెం వెనక్కి రావాలి, మడమ మాత్రం పిసరంత కూడా లేవకూడదు. సాక్సు ఒక్కటే, పలచనిదే. రెండు జతల సాక్సులు తొడిగితేనే సరిపోయే బూటు సరిపోయినట్టు కాదు.

పిల్లలకు "ఇంకో ఏడాది వస్తుంది" అని రెండు సైజులు పెద్దది కొనే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. మడమ లోపల ఆడుతుంటే చీలమండ లోపలికి మడుచుకుంటుంది, చక్రాల లోపలి అంచే అరుగుతుంది, పిల్లాడి కాళ్లల్లో బలం లేదని పేరొస్తుంది. నేర్చుకునే వయసులో సైజు పెంచుకునే రకం కొనండి. హాకీ బూటు తర్వాత కొనొచ్చు.

ఇక బేరింగులు. కర్నూలు గాలికి అసలు పరీక్ష ఇక్కడే. ఒక్కో చక్రానికి రెండు చొప్పున రెండు కాళ్లకూ కలిపి పదహారు. సైజు 608, అంటే లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. ప్యాకెట్ మీద పెద్దగా రాసే ఏబీఈసీ 7, 9 చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ అంకె తయారీలోని కచ్చితత్వాన్ని చెబుతుంది తప్ప దుమ్మును తట్టుకునే గుణాన్ని చెప్పదు. మనం చూడాల్సింది మూత. ఇనుప రేకు మూతలుంటే 608 జడ్‌జడ్, రబ్బరు మూతలుంటే 608 2ఆర్ఎస్ అని రాసి ఉంటుంది. రబ్బరు మూతది వేలితో తిప్పితే కొంచెం బరువుగా తిరుగుతుంది, కానీ ఇక్కడి సన్నటి దుమ్మును చాలావరకు ఆపుతుంది. మోటారు, గ్రైండర్ సామాన్ల షాపుల్లో కూడా ఈ సైజు దొరుకుతుంది.

నెలకోసారి చక్రం విప్పి బేరింగును చెవి దగ్గర పెట్టి తిప్పండి. ఇసుక నమిలినట్టు గరగర వినిపిస్తే కడగాలి. రబ్బరు మూతను లోపలి అంచు నుంచి సన్న సూదితో నెమ్మదిగా లేపితే ఊడొస్తుంది, వంగకుండా చూసుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఊపి కడిగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరగానే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయాలి. పెయింట్ థిన్నర్ వద్దు, లోపల గుండ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ పంజరాన్ని, రబ్బరును పాడుచేస్తుంది. కొబ్బరినూనె అసలే వద్దు. కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది, చలికాలం పొద్దున గడ్డ కడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కరిగిపోయి, రెండ్రోజుల్లో బేరింగు ఎండిపోతుంది. తడి గచ్చు మీద ఆడితే ఆ రోజే విప్పి తుడవాలి, మర్నాటిదాకా ఆగితే తుప్పు మొదలైపోతుంది.

రెండు బేరింగుల మధ్య స్పేసర్ అని చిన్న గొట్టం ఉంటుంది. విప్పేటప్పుడు ఇదే పోగొట్టుకుంటారు. స్పేసర్ ఉంటే బోల్టు గట్టిగా బిగించినా చక్రం తిరుగుతుంది. బిగించగానే ఆగిపోతోందంటే స్పేసర్ లేనట్టు, లేదా పొట్టిది పడినట్టు. దాంతోనే నెట్టుకొస్తే పక్క ఒత్తిడికి బేరింగు తొందరగా పాడవుతుంది.

చక్రాల గట్టిదనాన్ని 78ఏ, 84ఏ అని అంకెల్లో రాస్తారు. నున్నటి నాపబండల హాల్లో 76ఏ, 78ఏ లాంటి మెత్తవి పట్టు ఇస్తాయి. గరుకు సిమెంటు మీద అవే రబ్బరు పొడిలా రాలిపోతాయి, అక్కడ 84ఏ, 85ఏ ఉండాలి. నాపబండల మీద దుమ్ము పొర ఉంటే ఏ చక్రమైనా జారుతుంది. ఆడబోయే ముందు ఊడ్చుకోవడమే దారి. బండల అతుకుల్లో సిమెంటు ఊడిన చోట్లు ముందే చూసుకోండి, ముందు చక్రం దిగేది అక్కడే. ఏప్రిల్, మేలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, తారురోడ్డు మీద పొద్దున ఏడు దాటాక ఆడకపోవడం మంచిది. వేడికి చక్రం మెత్తబడి ముక్కలుగా లేస్తుంది.

లోపలి అంచు ముందు అరుగుతుంది కాబట్టి చక్రాలు మార్చి వేయాలి. నాలుగూ ఒకే సైజైతే ముందు నుంచి లెక్కపెట్టి 1ని 3తో, 2ని 4తో, అదీ ఎడమ కాలి నుంచి కుడి కాలికి, అరిగిన అంచు బయటికి వచ్చేలా. 76, 80 కలిసిన స్కేటుకు అది కుదరదు. ముందు చక్రాలను ముందువాటితోనే, వెనక చక్రాలను వెనకవాటితోనే తారుమారు చేసుకోవాలి.

రక్షణ సామగ్రిలో అందరూ వదిలేసేది మణికట్టు గార్డు. ముందుకు పడినప్పుడు చెయ్యి తనంతట తానే నేలకు చాచుకుంటుంది. అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉన్నదే కొనండి, మెత్తటి గుడ్డ పట్టీ ఆ పని చేయదు. గార్డు తొడిగితే స్టిక్ పట్టడం కష్టం కనుక ఆటకు హాకీ గ్లౌజులు, ఉత్త స్కేటింగుకు గార్డు వాడాలి. మోకాలి ప్యాడు మీది ప్లాస్టిక్ చిప్ప నేల మీద జారాలి. పట్టేసుకుంటే మోకాలు మెలిపడుతుంది. చిప్ప రివెట్లు నెలకోసారి లాగి చూడండి. ఆటకు షిన్ గార్డయితే (మోకాలి నుంచి కిందికి కాలి ముందువైపును కాపాడేది) మోకాలిచిప్ప మధ్య నుంచి బూటు పై అంచు దాకా అంగుళాల్లో కొలిచి తీసుకోవాలి.

హెల్మెట్ కనుబొమ్మలకు ఒకటి, రెండు వేళ్లు పైన కూర్చోవాలి. పట్టీ పెట్టి తల ఊపితే కదలకూడదు. స్కేటింగులో వెనక్కి కూడా పడతారు, తల వెనక భాగం కప్పని సైకిల్ హెల్మెట్ పనికిరాదు. తెల్లటి థర్మోకోల్ లాంటి లైనరున్నది ఒక్క గట్టి దెబ్బ తగిలితే తీసెయ్యాలి, బయటికి పగులు కనిపించకపోయినా సరే. ఎండలో నిలిపిన కారులో హెల్మెట్ గానీ, బూటు గానీ వదలొద్దు. వేడికి జిగురు వదిలి బూటు సోలు లేస్తుంది.

ఆట కాగానే ఇన్‌సోల్ బయటికి తీసి, బూటు నోరు తెరిచి ఫ్యాను కింద పెట్టండి. చెమట ఉప్పు లేసు రంధ్రాల లోహాన్ని తినేస్తుంది, వాసన తర్వాతి సంగతి. ప్యాడ్లు చల్లటి నీళ్లలో, కొద్దిపాటి సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే ఎలాస్టిక్ చచ్చిపోతుంది. ఉతికేముందు వెల్క్రో మూసేయండి, లేకపోతే దారాలన్నీ దానికే చుట్టుకుంటాయి.

లడఖ్ వెళ్లి ఐస్ మీద ఆడాలనుకునేవాళ్లకు బూటు కొలత ఇదే. కొత్తగా చూసుకోవాల్సింది ఉక్కు పలక. ఆట కాగానే పొడిగుడ్డతో తుడిచి, సంచిలో పెట్టేటప్పుడు గుడ్డ తొడుగే వేయాలి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికి మాత్రమే, అందులో నిలిచిన తడితో రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.