అబ్‌మానుంగ్ లెటర్ (లాయర్లు పంపే కాపీరైట్ నోటీసు) వస్తే "నేను చూసుకుంటా తమ్ముడూ" అనే ఆయన దగ్గరికి మాత్రం వెళ్లకండి

జర్మనీలో, మాగ్డెబుర్గ్‌లో ఉన్న మనవాళ్లందరికీ చెప్తున్నా. పేరు రాయను, ఆన్‌మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) నుంచి వీసా ఎక్స్‌టెన్షన్ దాకా ఫామ్‌లు నింపి డబ్బులు తీసుకునే ఆయనే, మీకు తెలుసు. నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం, ఇంటర్నెట్ నా పేరు మీద ఉంది. రూమ్మేట్ ఒకడు టోరెంట్‌లో ఒక ఇంగ్లీష్ ఆల్బమ్ దించాడు, 13 పాటలు. టోరెంట్‌లో మనం దించుకుంటుండగానే ఆ ముక్కలు మన దగ్గర్నుంచి వేరేవాళ్లకి వెళ్లిపోతుంటాయి, ఇక్కడ పట్టుకునేది దాన్నే. ఐపీ నోట్ చేసుకుని, కోర్టు ఆర్డర్‌తో ఇంటర్నెట్ కంపెనీ దగ్గర నా పేరూ అడ్రస్సూ తీసుకున్నారు. లాయర్ల లెటర్ వచ్చింది, 980 యూరోలు కట్టు, దీంతో పాటు పంపిన పేపర్ మీద సంతకం పెట్టి పంపు, పది రోజులే టైమ్ అని. వీసా కోసం ముందే డబ్బు వేసిపెట్టిన బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలకి వచ్చేది 992 యూరోలు, నాకు కాళ్లు చల్లబడిపోయాయి.

ఈయన దగ్గరికి పరిగెత్తా. 150 యూరోలు తీసుకుని మొదట చెప్పిన మాట, "అమెరికాలో ఒకావిడ కజా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 పాటలు పెట్టినందుకు 2,22,000 డాలర్లు కట్టమన్నారు, నీవి 13, లెక్కేసుకో". చేసింది నేను కాదన్నా అంటే "కనెక్షన్ నీదా కాదా? సంతకం పెట్టు, అయిపోద్ది" అన్నాడు. పెట్టేశా. నాన్న అప్పు చేసి పంపిన డబ్బుతో 980 కట్టేశా.

అనుమానమొచ్చి నిన్న ఆ కాపీ తీసుకుని వెర్‌బ్రౌహర్‌త్సెంట్రాలేకి (వినియోగదారుల సలహా కేంద్రం) వెళ్లా. అక్కడావిడ మొత్తం చదివి, "ఇది మీరు చేశారా?" అంది. లేదన్నా. "మరి నేనే చేశానని ఎందుకు రాసిచ్చారు?" అంది. నోట మాట రాలేదు. ఫ్లాట్‌లో ఉండే మేజర్లని ముందుగా హెచ్చరించలేదని కనెక్షన్ ఉన్నవాడిని బాధ్యుణ్ణి చెయ్యడం కుదరదని ఇక్కడి సుప్రీంకోర్టు లాంటి బీజీహెచ్ 2016 మేలోనే చెప్పిందంట. ఆ అమెరికా లెక్క ఇక్కడ లేనే లేదు, లైసెన్స్ తీసుకుంటే ఎంతయ్యేదో దాన్ని బట్టే చూస్తారు, 2015లో అదే కోర్టు పాటకి 200 యూరోలు చాలంది. నోటీసు పంపిన లాయర్ ఫీజుకి కూడా మామూలు మనుషుల విషయంలో 2013 నుంచి లిమిట్ ఉంది. నేను సంతకం పెట్టిన పేపర్‌కేమో గడువు లేదు, మళ్లీ అదే జరిగితే ఒక్కోసారికి 5,001 యూరోలు అని అందులోనే ఉంది.

బయటికొచ్చి వెంటనే ఫోన్ చేశా. అన్నా, అందులో నేనే చేశానని ఉందంట, నువ్వు చదివావా అన్నా. ఒక్క క్షణం కూడా ఆగలేదు, "నేను లాయర్‌ని కాదు, ఫామ్ నింపినందుకే ఫీజు, చదువుకోకుండా సంతకం పెట్టింది నువ్వు, నా టైమ్ వేస్ట్ చెయ్యకు" అని పెట్టేశాడు. పది నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశాడు. డబ్బులు తీసుకునేటప్పుడు తమ్ముడూ తమ్ముడూ అని భుజం మీద చెయ్యేసిన మనిషి! లాయర్ కానివాళ్లు ఇలా డబ్బులు తీసుకుని లీగల్ సలహాలివ్వడం ఇక్కడ చట్టానికే విరుద్ధమని ఆ జర్మన్ ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు.

తప్పు నాది కూడా ఉంది. జర్మన్ భాషలో బీ1 పరీక్ష పాసయ్యా, డిక్షనరీ పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటే ఆ ఒక్క లైన్ నాకే దొరికేది. భయంలో కూర్చోలేదు, నాన్నకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

లెటర్ వస్తే పక్కన పడెయ్యకండి, గడువు దాటితే ఇంకా ఖర్చు. వాళ్లు పంపిన పేపర్ మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టకండి, లాయర్‌తో మార్పించి పంపొచ్చు. యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో లాయర్ సలహా ఉందేమో ముందు కనుక్కోండి, చాలా చోట్ల ఫ్రీనే. నా లెటర్ కావాలంటే పేరు కొట్టేసి పంపిస్తా, ఆ లైన్ ఎక్కడుంటుందో చూసుకోండి.