నల్ల జూనిపరా, మామూలు జూనిపరా: ఏది మేలు?

తెలుగువాళ్లకు జూనిపర్ అనే కొండ మొక్క తారసపడేది ముఖ్యంగా రెండు చోట్ల. 108 దివ్యదేశాల్లో ఒకటైన, నేపాల్‌లోని ముక్తినాథ్‌కు వెళ్లినవాళ్లకు 3,700 మీటర్లు దాటిన ఆ కొండవాలుల్లో పొదలుగా, నిప్పుల మీద పొగగా ఎదురవుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆయుర్వేద మూలికల దుకాణంలో హపుష అనే ఎండుకాయగా దొరుకుతుంది. రెండూ ఒకే మొక్కవి అనుకుని, కొండ మీది నల్లకాయలు ఏరి తెచ్చి కషాయంలో వేసేవాళ్లూ ఉంటారు. అందుకే ఈ పోలిక.

కొండ మీద పొగకు వాడే పొద ఎక్కువగా నల్ల జూనిపర్. శాస్త్రీయ నామం జూనిపెరస్ ఇండికా. హపుష మాత్రం మామూలు జూనిపర్, అంటే జూనిపెరస్ కమ్యూనిస్ కాయ. హిమాలయాల్లో కశ్మీర్ నుంచి పశ్చిమ నేపాల్ దాకా ఇది కూడా నేలబారు పొదగా పెరుగుతుంది కాబట్టి దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. చెయ్యి వేస్తే తెలుస్తుంది. మామూలు జూనిపర్ ఆకులన్నీ సూదులే, కణుపుకు మూడేసి, ఒక్కో సూది మీద తెల్లటి చార. గుచ్చుకుంటుంది. నల్ల జూనిపర్‌కు లేత దశలో సూదులున్నా, ముదిరిన రెమ్మల మీద ఆకులు చిన్న పొలుసులై కాడకు అతుక్కుపోతాయి. రెమ్మ పేనిన తాడులా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపినా నొప్పి ఉండదు. దీని కాయ నల్లగా నిగనిగలాడుతుంది, లోపల ఒకే గింజ. మామూలుదాని కాయ మీద నీలి బూడిద లాంటి పొర, లోపల సాధారణంగా మూడు గింజలు.

పొగకైతే నల్లదే మేలు. మన సాంబ్రాణి చెట్టు బంక, నిప్పుల మీద కరిగి పొగలు కక్కుతుంది. జూనిపర్‌ది ఆకు పొగ. పచ్చి రెమ్మ నిప్పుల మీద పెట్టగానే చిటపటలాడి, తడి ఉన్నంతసేపూ తెల్లటి పొగ విడుస్తుంది. మంట అంటుకుందంటే మాత్రం పరిమళం పోయి మామూలు కట్టెవాసన మిగులుతుంది. అందుకే ధూపం వేసేవాళ్లు మంట లేవనివ్వరు. టిబెటన్ బౌద్ధులు పొద్దున్నే వేసే సాంగ్ ధూపంలోనూ, ఎవరెస్ట్ ఎక్కేముందు బేస్ క్యాంపులో లామా చేసే పూజలోనూ జూనిపర్ లేకుండా జరగదు. లద్దాఖ్‌లో హెమిస్ శుక్పాచన్ అనే ఊరుంది, శుక్పా అంటే జూనిపరే. అయితే అక్కడ పవిత్రంగా చూసుకునేవి ఇంకో జాతి, పెద్ద చెట్లు.

మామూలు జూనిపర్ పొగ తక్కువదని అనను. స్కాట్లాండ్ కొండవాసులు కొత్త సంవత్సరం నాడు ఇళ్లలో, పశువుల కొట్టాల్లో దాని పొగే వేసేవారు. కానీ ఎండితే సూదులు రాలిపోతాయి, పొట్లం విప్పితే చేతికి పుల్లలే వస్తాయి. నల్లదాని పొలుసులు ఎండినా కాడను అంటిపెట్టుకునే ఉంటాయి.

నోటికి వేసుకునేదైతే మామూలుదే, అందులో రెండో మాట లేదు. ఆయుర్వేదంలో హపుష కడుపు ఉబ్బరానికి, అజీర్తికి వాడే దినుసు. యూరప్‌లో జిన్‌కు ఆ ఘాటు వాసన ఇచ్చేదీ ఈ కాయే. పండటానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఒకే కొమ్మ మీద పచ్చికాయలూ నీలికాయలూ పక్కపక్కనే ఉంటాయి, కోసేవాళ్లు ఏరుకోవాల్సిందే. నల్ల జూనిపర్ కాయను దీనికి బదులుగా వాడవద్దు. జూనిపర్ జాతుల్లో సబీనా లాంటి విషపు మొక్కలూ ఉన్నాయి, చుట్టరికం చూసి నమ్మే కుటుంబం కాదు ఇది. హపుష కొనేటప్పుడు నాలుగు కాయలు చిదిమి చూడండి. అన్నిట్లోనూ ఒక్కో గింజే కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. సరైన కాయే అయినా గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు జోలికి పోకూడదు. మిగతావాళ్లు కూడా వైద్యుణ్ణి అడిగి వాడటం మంచిది.

కొండకు ఏది మేలు అంటే నా ఓటు మళ్లీ నల్లదానికే. అది 5,000 మీటర్ల దాకా ఎక్కగలదు. మామూలుది అంతకంటే చాలా కిందే ఆగిపోతుంది. చెట్టన్నది లేని ఆ ఎత్తులో జారే మట్టిని పట్టి ఉంచేది ఇలాంటి పొదల వేళ్లే. చిక్కల్లా అక్కడ వంటకట్టె కూడా అదే కావడం. ఎవరెస్ట్ ప్రాంతంలో పర్వతారోహకులు, యాత్రికులు పెరిగేకొద్దీ ఈ పొదలు పొయ్యిల్లోకి వెళ్లాయి. 1976లో సాగర్‌మాథా జాతీయ ఉద్యానం ఏర్పడ్డాక ఆరోహక బృందాలు తమ ఇంధనం తామే తెచ్చుకోవాలన్న కట్టడి వచ్చింది. బొటనవేలంత కాండానికే దశాబ్దాలు పట్టే మొక్క అది. పైగా ఆకు లేని ముదురు కొమ్మ నరికితే అక్కణ్ణుంచి మళ్లీ చిగురు రావడం అరుదు. చివరి రెమ్మలు తుంచితే తట్టుకుంటుంది, మొదలు నరికితే పోయినట్టే. కాబట్టి ముక్తినాథ్‌లో ధూపానికి గుప్పెడు రెమ్మలు కొనుక్కుంటే చాలు. బస్తా కొనే మోజు వద్దు, ఎలాగూ ఏడాది తిరిగేసరికి వాసన సగం పోతుంది.

కుండీలో పెంచాలంటే రెండూ వద్దు. చలి లేనిదే అవి బతకవు, మన మే నెల ఎండకు నిలవవు. నర్సరీల్లో జూనిపర్ పేరుతో అమ్మేది ఎక్కువగా చైనా జూనిపర్ రకాలే, బోన్సాయ్‌కి వాడేవీ అవే. వాటికీ నీళ్లు నిలవని మట్టి, మధ్యాహ్నం కాస్త నీడ కావాలి. హిమాలయ జూనిపర్ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఆ నర్సరీ మొక్క రెమ్మ నిప్పుల మీద వేసి చూడాలని సరదా పడితే వేసుకోండి, కాయలు మాత్రం కషాయం దాకా పోనివ్వకండి.